నాచు సంచులతో లోహ కాలుష్యం జాడ: ప్రాజెక్టు డైరీ

ప్రశ్న ఖరారైంది

ఒక రద్దీ కూడలి, దానికి కూతవేటు దూరంలో లోహాలు కరిగించే చిన్న షెడ్ల వరుస, ఆ షెడ్ల వెనుక తరచుగా చెత్త తగలబడే ఖాళీ స్థలం, ఈ మూడింటి నడుమ ఇళ్ళు, ఒక బడి. మా బృందం ఎంచుకున్న ప్రాంతం ఇదే. ఇక్కడి గాలిలో దుమ్ము ఎక్కువని తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు, కిటికీ గట్టుమీద వేలితో గీస్తే చాలు. ఆ దుమ్ములో ఏయే లోహాలు ఉన్నాయో, అవి ఎవరి వాకిలి నుంచి బయలుదేరి ఎవరి ఇంటికి చేరుతున్నాయో మాత్రం ఎవరికీ తెలియదు. బడి పిల్లల తల్లిదండ్రులు షెడ్లను అనుమానిస్తున్నారు, షెడ్లవారు రోడ్డును చూపిస్తున్నారు. ఇద్దరి మాటకూ ఆధారం లేదు. ఆ ఆధారాన్ని సంపాదించడమే మా పని.

ప్రమాణబద్ధమైన గాలి నమూనా యంత్రాలకు విద్యుత్తు, కాపలా, క్రమం తప్పని నిర్వహణ కావాలి. అందుకే అవి ఎక్కడైనా కొద్ది సంఖ్యలోనే ఉంటాయి. రెండు వీధుల మధ్య తేడాను పట్టుకోవాలంటే వీధికొకటి ఉండాలి, అది జరిగే పని కాదు. గోడలమీద, బండలమీద, చెట్ల బెరడుమీద పచ్చగా పరుచుకునే నాచు ఈ లోటును కొంతవరకు తీరుస్తుంది. నాచుకు నిజమైన వేర్లు ఉండవు, అడుగున ఉండే రైజాయిడ్లు అనే సన్నని పోగులు ప్రధానంగా పట్టు కోసమే. దాని ఆకులు చాలా జాతుల్లో ఒకే ఒక కణం మందంలో ఉంటాయి, పెద్ద మొక్కల ఆకులకు ఉండే మైనపు పొర వీటికి లేనట్టే. కాబట్టి నీటినీ పోషకాలనూ అది వానలోంచి, మంచులోంచి, వాలే దుమ్ములోంచి నేరుగా తీసుకుంటుంది. దాని కణకవచాల్లోని యూరోనిక్ ఆమ్లాలు అనే చక్కెర జాతి ఆమ్లాలు ధనావేశం గల లోహ అయాన్లను పట్టి నిలుపుకుంటాయి. రేణువులు ఆకుల మడతల్లో చిక్కుకుంటాయి, కరిగిన లోహాలు కణకవచానికి అంటుకుంటాయి.

ఈ గుణాన్ని కొలత పద్ధతిగా మలిచినవారు స్వీడన్ శాస్త్రవేత్తలు ఓకె రూలింగ్, గెర్ముండ్ టైలర్. 1960ల చివర్లో వారు అడవి నాచులోని లోహాలను కొలిచి, గాలి నుంచి నేలకు దిగుతున్న లోహాల పటాలు తయారుచేయవచ్చని చూపారు. 1990 నుంచి ఐరోపా దేశాలు ఐదేళ్ళకొకసారి అదే పద్ధతిలో ఉమ్మడి సర్వే జరుపుతున్నాయి.

ప్రాజెక్టు హద్దును మొదటి పేజీలోనే రాసి పెట్టుకున్నాము. నాచు ఇచ్చే అంకె ఒక గ్రాము ఎండు నాచులో ఎన్ని మైక్రోగ్రాముల లోహం చేరిందన్నది. మనిషి పీల్చే ఘనపు మీటరు గాలిలో ఎంత లోహం ఉందన్న ప్రశ్నకు అది జవాబు కాదు. ఒక చోటిని మరో చోటితో పోల్చడానికి, ఏ లోహం ఏ లోహంతో కలిసి ప్రయాణిస్తున్నదో చూడటానికి, చివరగా అసలు యంత్రాన్ని ఎక్కడ నిలబెట్టాలో చెప్పడానికి నాచు పనికివస్తుంది. ఆ మూడింటికి మించి దాన్నుంచి ఏదీ ఆశించకూడదని నిర్ణయించుకున్నాము.

పెరిగిన నాచా, కట్టిన నాచా

రెండు దారులున్నాయి. ఆ చోట తానుగా పెరిగిన నాచును సేకరించి విశ్లేషించడం మొదటిది. శుభ్రమైన చోటి నుంచి తెచ్చిన నాచును వలసంచుల్లో నింపి, కావలసిన చోట నిర్ణీత కాలం వేలాడదీయడం రెండోది.

మొదటి దారి ఎంత దూరం తీసుకువెళ్ళగలదో అమెరికాలోని పోర్ట్‌లండ్ నగరం చూపింది. అక్కడి అటవీ శాఖ పరిశోధకులు 2013లో నగరమంతటా చెట్ల కాండాలమీద పెరిగే ఆర్థోట్రైకం లయెల్లీ అనే నాచును 346 చోట్ల సేకరించారు. పటం గీసేసరికి కాడ్మియం రెండు చోట్ల ముద్దకట్టినట్టు కనబడింది, రెండూ రంగు గాజు తయారయ్యే కర్మాగారాల పరిసరాలే. గాజుకు రంగు వేయడానికి కాడ్మియం, ఆర్సెనిక్ సమ్మేళనాలను వాడతారు. 2015 అక్టోబరులో రాష్ట్ర పర్యావరణ విభాగం అందులో ఒక చోట గాలి యంత్రాన్ని పెట్టింది. కాడ్మియం రాష్ట్రం నిర్ణయించిన ఆరోగ్య పరిమితికి దాదాపు 49 రెట్లు, ఆర్సెనిక్ దాదాపు 159 రెట్లు వచ్చాయి. అక్కడ నిర్ణయాలకు దారితీసిన అంకెలు యంత్రం ఇచ్చినవి. యంత్రం ఆ వీధికి చేరడానికి కారణం మాత్రం నాచు. మా ప్రాజెక్టు కూడా ఆ క్రమాన్నే అనుసరిస్తుంది.

అయినా మేము రెండో దారినే ముందుగా ఎంచుకున్నాము, అందుకు కారణం మా ప్రాంతపు స్వభావమే. ఇక్కడ షెడ్ల మధ్య చెట్లు దాదాపు లేవు, కూడలిలో కాంక్రీటు తప్ప మరొకటి లేదు. కనబడిన కొద్దిపాటి నాచూ ఒకచోట ఒక జాతి, మరోచోట ఇంకో జాతి. జాతిని బట్టి లోహాలను పట్టే శక్తి మారుతుంది కాబట్టి వాటిని పక్కపక్కన పెట్టి పోల్చడం చెల్లదు. పైగా తానుగా పెరిగిన నాచు వయసు నిర్ణయించడం కష్టం, అందులోని సీసం నిన్నటిదో ఐదేళ్ళ కిందటిదో తేలదు. సంచిలోని నాచుకు మొదలూ చివరా మన చేతిలో ఉంటాయి. 1971లో గుడ్‌మన్, రాబర్ట్స్ అనే పరిశోధకులు వేల్స్‌లోని స్వాన్‌సీ లోయలో, లోహ పరిశ్రమల చుట్టూ ఈ సంచుల పద్ధతిని వాడి చూపిన తర్వాత, నాచు పెరగని నగరాల్లో ఇదే ప్రధాన మార్గమైంది.

నాచు సేకరణ, శుద్ధి

సంచుల పద్ధతిలో స్ఫాగ్నం అనే నాచు జాతులకు పేరు ఎక్కువ, ఎందుకంటే అయాన్లను పట్టే శక్తి వాటికి బాగా హెచ్చు. అయితే స్ఫాగ్నం పెరిగే బురదనేలలు శతాబ్దాలపాటు కర్బనాన్ని దాచుకున్న చోట్లు, వాటిని పెకలించి మరో చోటి గాలిని కొలవడం మాకు సమ్మతం కాలేదు. ఐరోపాలో మాస్‌క్లోన్ అనే ప్రాజెక్టు ఈ ఇబ్బందిని తప్పించడానికే స్ఫాగ్నం పలుస్ట్రే అనే జాతిని ఒకే మొక్క నుంచి ప్రయోగశాల పాత్రల్లో పెంచింది. ప్రతి సంచిలోనూ ఒకే జన్యువులున్న నాచు ఉండటం కొలతకు ఎంతో మేలు. ఆ సౌకర్యం మాకు లేదు. నేలమీద చాపలా అల్లుకునే హిప్నం క్యుప్రెస్సిఫార్మేను ఎంచుకుని, రోడ్లకూ ఇళ్ళకూ పరిశ్రమలకూ దూరంగా ఉన్న ఒకే అడవి అంచు నుంచి, యజమానుల అనుమతితో తెచ్చాము. ప్రతి చాపలోనూ కొద్ది భాగమే తీసి మిగతాది తిరిగి పెరగడానికి వదిలిపెట్టాము.

సేకరణలో ఐరోపా సర్వే నియమాలను మాకు తగినంత మేరకు పాటించాము. చెట్ల కొమ్మల కింద పెరిగిన నాచును తీసుకోలేదు, ఎందుకంటే ఆకుల మీదుగా జారే వాన ఆకుల్లోని ఖనిజాలను కడిగి కిందికి తెస్తుంది. పౌడరు లేని ప్లాస్టిక్ చేతితొడుగులు వేసుకున్నాము, ఆ చుట్టుపక్కల ఎవరూ పొగ తాగలేదు. పొగాకు పొగలో కాడ్మియం ఉంటుంది, ఒక్క సిగరెట్టు సంచుల మొదటి విలువను చెడగొట్టగలదు. పచ్చగా ఉన్న కొసలను మాత్రమే ఉంచి గోధుమరంగు తిరిగిన అడుగుభాగాన్ని, మట్టిని, ఎండుటాకులను ఏరివేశాము. ఈ ఏరివేత విసుగు పుట్టించే పని, కానీ ఇందులో అశ్రద్ధ చేస్తే తర్వాతి ఏ యంత్రమూ దాన్ని సరిదిద్దలేదు.

తర్వాత శుద్ధి చేసిన నీటితో పలుమార్లు కడిగి, ఓవెన్‌లో 50, 80, 100 డిగ్రీల సెల్సియస్ వద్ద మెట్లు మెట్లుగా ఆరబెట్టాము. దీనితో నాచు చనిపోతుంది. బతికున్న నాచు మంచిది కాదా అని బృందంలో కొత్తగా చేరినవారు అడిగారు, అడగవలసిన ప్రశ్నే. బతికున్న నాచు తడి దొరికిన చోట పెరుగుతుంది, పెరిగితే చేరిన లోహం ఎక్కువ బరువుమీద పరుచుకుని పలచబడుతుంది. ఎండిపోయిన చోట కణాలు దెబ్బతిని లోపలి పదార్థాలు కారిపోతాయి. అంటే ప్రతి సంచీ తన ఆరోగ్యాన్ని బట్టి వేరు వేరు జవాబు ఇస్తుంది. చనిపోయిన నాచులో ఆ తేడా ఉండదు. రేణువులను పట్టే ఆకుల అల్లికా, అయాన్లను పట్టే కణకవచమూ ప్రాణంతో పని లేకుండానే తమ పని తాము చేస్తాయి.

ఒక వంతు నాచును సంచుల్లో నింపి, గాలి చొరని డబ్బాల్లో మూసి పక్కన పెట్టాము. ఇవి ఎక్కడా వేలాడవు. వేలాడిన సంచి ఎంత సంపాదించిందో తెలియాలంటే మొదట దాని చేతిలో ఎంత ఉందో తెలియాలి కాబట్టి, ఈ డబ్బాల్లోని నాచు ఫలితంపైనే మిగతా లెక్కలన్నీ ఆధారపడతాయి.

సంచులు, చోట్లు

సంచులకు 2 మిల్లీమీటర్ల కన్నులున్న నైలాన్ వల వాడాము. నాచును గట్టిగా కుక్కితే లోపలి పోగులకు గాలి తగలదు, అందుకే వదులుగా నింపి గుండ్రంగా కట్టాము. ప్రతి సంచిలోనూ ఒకే బరువు, ఒకే పరిమాణం. ప్రతి చోటా మూడేసి సంచులు. ఒకే చోట వేలాడిన మూడింటి మధ్య తేడా, రెండు చోట్ల మధ్య తేడా కన్నా ఎక్కువగా ఉంటే ఆ రెండు చోట్లు వేరని చెప్పే హక్కు మనకు ఉండదు.

ఎత్తు సుమారు 4 మీటర్లు. అంతకన్నా కిందికి కడితే చేతులు తగులుతాయి, వాహనాలు చిమ్మే మట్టి నేరుగా పడుతుంది. స్తంభాల విషయంలో మరో జాగ్రత్త అవసరమైంది. వీధుల్లోని ఇనుప స్తంభాలలో చాలావాటికి తుప్పు పట్టకుండా జింకు పూత ఉంటుంది, వానకు ఆ పూత కొద్దికొద్దిగా కరిగి జారుతుంది. సంచిని స్తంభానికే కడితే మనం కొలిచేది ఆ స్తంభాన్ని. అందుకని చెక్క బద్దను అడ్డంగా బిగించి, దాని కొస నుంచి నైలాన్ దారంతో సంచులను దించాము. ఇనుప తీగ, పిన్ను, స్టేపులు ఎక్కడా వాడలేదు.

చోట్ల ఎంపికలో గాలి దిశకు ప్రాధాన్యమిచ్చాము. షెడ్ల మీదుగా గాలి వెళ్ళే వైపున, అంటే గాలివాలున, ఒక వరుస, ఎదురు వైపున మరొక వరుస, రెండింటిలోనూ దూరం పెరిగేకొద్దీ సంచులు. మూలం నిజంగా అక్కడే ఉంటే లోహం గాలివాలున ఎక్కువగానూ దూరంతో తగ్గుతూనూ కనబడాలి, ఎదురు వైపున వెంటనే పడిపోవాలి. కూడలికి నాలుగు రోడ్ల వెంట, చెత్త స్థలానికి రెండు వైపుల, బడి ఆవరణలో, ఇళ్ళ మధ్య కట్టాము. ప్రాంతానికి దూరంగా పోలిక కోసం ఒక చోటు, అధికారిక గాలి యంత్రం పక్కన ఒక చోటు కూడా ఉన్నాయి. యంత్రం పక్కనున్న సంచులు నాచు అంకెకూ గాలి అంకెకూ ఉన్న సంబంధాన్ని కనీసం ఒక్క చోటనైనా చూపిస్తాయి.

వేలాడదీసే కాలం ఆరు వారాలు. అన్నిటినీ ఒకేసారి కట్టి ఒకేసారి దించాలి, ఎందుకంటే ఒక పెద్ద వాన సంచిలోని దుమ్మును కొంత కడిగేస్తుంది, ఆ నష్టం అందరికీ సమానంగా జరిగితేనే పోలిక నిలుస్తుంది. ప్రతి చోటునుంచీ నేలమట్టి నమూనా కూడా తీసి దాచాము, దాని అవసరం లెక్కల దశలో వస్తుంది.

నడుమ పరిశీలన

సంచులు చాలావరకు క్షేమంగా ఉన్నాయి. రెండు చోట్ల పక్షులు వలను చీల్చి నాచును గూటికి పట్టుకుపోయాయి, ఆ చోట్లను పట్టికలో ఖాళీగా ఉంచాము. కొత్త సంచులు కట్టి అంకెలను కాలానికి తగ్గట్టు పెంచి చూపవచ్చునన్న సూచన వచ్చింది. లోహం చేరడం కాలంతో సరళరేఖలో పెరుగుతుందన్న హామీ లేదు కాబట్టి అంగీకరించలేదు.

ఈ విడతలో మనుషులతో మాట్లాడటమే ఎక్కువ జరిగింది. షెడ్లలో పనిచేసేవారు మొదట మమ్మల్ని తనిఖీకి వచ్చినవారనుకున్నారు. లోహపు పొగను అందరికన్నా దగ్గరగా, అందరికన్నా ఎక్కువ గంటలు పీల్చేది వారే. ఈ పని వారికి వ్యతిరేకంగా కాదనీ, వారి ఊపిరితిత్తులు కూడా మా లెక్కలో ఉన్నాయనీ చెప్పిన తర్వాత ఏ షెడ్డులో ఏమి కరిగిస్తారో వారే విడమరచి చెప్పారు. ఒకచోట ఇత్తడి పోత, ఒకచోట పాత బ్యాటరీల సీసం, మిగతావాటిలో కోత, సానపట్టడం, వెల్డింగు. ఈ సమాచారం లేకుండా ప్రయోగశాల అంకెలు వచ్చి ఉంటే వాటికి అర్థం చెప్పడం మా వల్ల అయ్యేది కాదు. మూలాలను వెతికేవారు రసాయనశాస్త్రం ఎంత నేర్చుకున్నా, ఆ వీధిలో ఏ పనులు జరుగుతాయో కాలినడకన తెలుసుకోవడం తప్పదు.

ప్రయోగశాల దశ

దించిన సంచులను విడివిడిగా కాగితపు కవర్లలో పెట్టి, 40 డిగ్రీల వద్ద బరువు మారకుండా నిలిచేవరకు ఆరబెట్టాము. పాదరసాన్ని ఈ ప్రాజెక్టు నుంచి ముందే తొలగించాము. అది ఆవిరిగా వచ్చి ఆవిరిగా పోగలదు, దానికి వేరే ఏర్పాటు కావాలి. పొడి చేయడానికి అగేటు అనే గట్టి రాతితో చేసిన కల్వాన్ని వాడాము. ఉక్కు మిక్సీలో పొడి చేస్తే క్రోమియం, నికెల్, ఇనుము నమూనాలోకి దిగుతాయి.

ఆమ్లంలో కరిగించేముందు ప్రతి నమూనా అయస్కాంత గ్రహణశీలతను, అంటే అయస్కాంత క్షేత్రానికి అది ఎంతగా స్పందిస్తుందో, కొలిపించాము. బ్రేకుల అరుగుదలలో, ఇంజిన్ పొగలో, లోహపు పనుల్లో పుట్టే ఇనుప ఆక్సైడు రేణువులు అయస్కాంత గుణం కలవి. ఈ కొలతకు నిమిషాలు చాలు, నమూనా నాశనం కాదు, ఖర్చు స్వల్పం. తక్కువ నిధులతో ఇలాంటి పని మొదలుపెట్టదలచినవారు దీనితోనే ఆరంభించి, ఎక్కువ విలువలు వచ్చిన చోట్ల నమూనాలను మాత్రమే ఖరీదైన విశ్లేషణకు పంపవచ్చు.

ఆ తర్వాత నైట్రిక్ ఆమ్లం, హైడ్రోజన్ పెరాక్సైడుతో మైక్రోవేవ్ పాత్రల్లో కరిగించి అతి స్వల్ప లోహాలను కూడా పట్టగల ఐసీపీ-ఎంఎస్ అనే విశ్లేషణ యంత్రంలో లోహాలను కొలిచారు. ప్రతి విడతలోనూ నాచు లేని ఆమ్లం మాత్రమే ఉన్న పాత్రలు, విలువలు ముందే తెలిసిన ప్రామాణిక నాచు నమూనాలు కలిపి నడిపించారు. ఫిన్లాండులో తయారైన ఎం2, ఎం3 అనే నాచు పొడులు ఈ రంగంలో అందరికీ ఉమ్మడి కొలబద్దలు. ఎం2లో లోహాలు హెచ్చు, ఎం3లో తక్కువ. ఆ రెండింటి విలువలు సరిగా వచ్చాకే మా నమూనాల అంకెలను పుస్తకంలోకి ఎక్కించాము.

మొదటి ఫలితాలు

పట్టిక వచ్చిన రోజు అందరూ మొదట చూసింది సీసం, కాడ్మియం గళ్ళను. ఎక్కడ ఎక్కువుంటే అక్కడ వేలు పెట్టి చూపాలన్న తొందర సహజం. అయితే ఒక్క లోహం హెచ్చు విలువ మూలాన్ని చెప్పదు. మొదట తేల్చవలసింది ఆ లోహంలో నేలమట్టి వాటా ఎంత అన్నది.

ఇందుకు అల్యూమినియం సాయపడుతుంది, ఎందుకంటే అది దాదాపుగా మట్టి నుంచే వస్తుంది. భూమి పైపొరలో అల్యూమినియం సగటున 8 శాతం పైచిలుకు, అంటే గ్రాముకు సుమారు 81,500 మైక్రోగ్రాములు. సీసం సగటు 17 మైక్రోగ్రాములు. ఉదాహరణకు ఒక నాచు నమూనాలో గ్రాముకు 1,000 మైక్రోగ్రాముల అల్యూమినియం ఉందనుకుంటే, ఆ మట్టి తనతో తేగలిగిన సీసం సుమారు 0.2 మైక్రోగ్రాములే. అదే నమూనాలో సీసం 5 మైక్రోగ్రాములు ఉంటే అది మట్టి చెప్పగలిగినదానికి దాదాపు 24 రెట్లు. ఈ నిష్పత్తినే సాంద్రీకరణ గుణకం అంటారు. ప్రపంచ సగటుకు బదులు మేము దాచిన మట్టి నమూనాల విలువలనే వాడాము, ఎందుకంటే ప్రతి ప్రాంతపు రాయీ మట్టీ వేరు.

జింకు విషయంలో ఈ గుణకాన్ని గుడ్డిగా నమ్మకూడదు. జింకు మొక్కకు అవసరమైన పోషకం, శుభ్రమైన నాచులో కూడా అది మట్టి లెక్కను మించి ఉంటుంది. గుణకం పెద్దదిగా రావడం కాలుష్యానికి రుజువు కాదు. జింకు, రాగి, మాంగనీసు వంటివాటికి వేలాడదీయని సంచి విలువను తీసివేసి, కొత్తగా చేరినంత భాగాన్నే చూశాము.

మట్టి వాటా పక్కకు పెట్టాక కనబడినదాన్ని ఇక్కడ వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ప్రాజెక్టు మొత్తానికి ప్రాణం ఇదే. ఆంటిమొనీ మూడు చోట్లా పెరిగింది: కూడలిలో, షెడ్ల గాలివాలున, చెత్త స్థలం దగ్గర. ఆ ఒక్క లోహపు పటాన్ని మాత్రమే గీసి ఉంటే ప్రాంతమంతా ఒకే మూలం ఉన్నట్టు కనబడేది. దాని పక్కన ఏయే లోహాలు పెరిగాయో చూసేసరికి అది మూడు వేర్వేరు సంగతులుగా విడిపోయింది.

కూడలిలో ఆంటిమొనీతోపాటు రాగి, బేరియం పెరిగాయి. బ్రేకు లైనింగులలో ఆంటిమొనీ సల్ఫైడును ఘర్షణ నిలకడ కోసం, బేరియం సల్ఫేటును పూరకంగా, రాగిని వేడిని తరలించడానికి కలుపుతారు. వాహనం ఆగిన ప్రతిసారీ ఈ మూడూ కలిసి రాలుతాయి. అదే చోట జింకు కూడా పెరిగింది, టైరు రబ్బరులో జింకు ఆక్సైడు ఉంటుంది. వాహనాలు ఆగకుండా సాగిపోయే రోడ్డు భాగంలో కన్నా సిగ్నలు దగ్గర రాగి, ఆంటిమొనీ ఎక్కువగా ఉండటం ఈ వివరణకు బలం.

షెడ్ల గాలివాలున ఆంటిమొనీ సీసంతో జతకట్టింది, బేరియం కదలలేదు. బ్యాటరీ పలకల సీసంలో గట్టిదనం కోసం ఆంటిమొనీ కలపడం పాత ఆచారం, ఆ పలకలను కరిగిస్తే రెండూ కలిసే లేస్తాయి. దూరంతో ఈ జత క్రమంగా తగ్గింది, ఎదురుగాలి వైపు వెంటనే పడిపోయింది. ఇత్తడి పోత ఉన్న కొసన రాగి, జింకు కలిసి పెరిగాయి, వాటికి ఆంటిమొనీ తోడు లేదు. కూడలి రాగికీ ఈ రాగికీ తేడా అలా తేలింది.

చెత్త స్థలం దగ్గర కథ ఇంత స్పష్టంగా లేదు. ఆంటిమొనీ, సీసం, జింకు, కాడ్మియం అన్నీ కొద్దికొద్దిగా లేచాయి. ప్లాస్టిక్‌లో మంటను అడ్డుకోవడానికి కలిపే ఆంటిమొనీ ఆక్సైడు, రంగుల్లోని కాడ్మియం, పాత వైర్ల తొడుగుల్లోని సీసపు సమ్మేళనాలు తగలబడితే ఇలాంటి గుంపే రావచ్చు. కానీ షెడ్ల పొగ కూడా గాలి మళ్ళినప్పుడు ఇక్కడికి చేరుతుంది. ఈ చోటి గురించి తీర్పు ఇవ్వకుండా ఆపాము.

బడి ఆవరణలోని సంచుల్లో రెండు గుంపులూ ఉన్నాయి: కూడలి గుంపు కొంత, షెడ్ల సీసం-ఆంటిమొనీ జత కొంత. తల్లిదండ్రుల అనుమానమూ షెడ్లవారి అనుమానమూ రెండూ కొంత నిజమేనని ఈ పట్టిక చెబుతున్నది. చిన్నపిల్లల శరీరంలోకి చేరే సీసానికి సురక్షితమైన స్థాయి అంటూ ఏదీ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ స్పష్టంగా చెప్పింది. ఆ ఒక్క గడి కోసమైనా ఈ పని చేయవలసిందేనని నాకు అనిపించింది.

రెండో సాక్ష్యం

గుంపులను చూసి మూలం పేరు చెప్పడం ఊహ, దాన్ని మరో దారిన పరీక్షించాలి. విడిగా దాచిన కొద్దిపాటి నాచును స్కానింగ్ ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కింద చూపించాము. కరిగి గాలిలో గడ్డకట్టిన లోహం గుండ్రని పూసల్లా ఉంటుంది, అరిగి రాలిన లోహం పదునైన అంచుల పెచ్చుల్లా ఉంటుంది. కూడలి నమూనాలో రాగి, బేరియం ఉన్న పెచ్చులు కనబడ్డాయి. షెడ్ల నమూనాలో సీసం ఎక్కువగా ఉన్న అతి చిన్న గుండ్రటి రేణువులు ఆకుల అంచుల వెంట గుంపులుగా ఉన్నాయి. రసాయనం చెప్పినదాన్ని ఆకారం సమర్థించింది. చెత్త స్థలం నమూనాలో మసి ముద్దలు, వాటిలో పొదిగిన మిశ్రమ రేణువులు తప్ప ప్రత్యేకమైన ఆనవాలు చిక్కలేదు.

పటం తయారీలో బృందంలో చర్చ జరిగింది. చుక్కల మధ్య ఖాళీని కంప్యూటరుతో రంగులు నింపితే పటం అందంగా వస్తుంది, చూసేవారికి వెంటనే అర్థమవుతుంది. అయితే ఆ రంగులు మేము కొలవని ఇళ్ళమీద కూడా పడతాయి, ఆ ఇంటివారు దాన్ని తమ ఇంటి కొలత అనుకుంటారు. కాబట్టి కొలిచిన చోట్ల చుక్కలు మాత్రమే ఉంచాము. ప్రతి చుక్క పక్కన మూడు సంచుల విలువల విస్తృతినీ రాశాము.

ప్రస్తుత స్థితి, తర్వాతి పనులు

అధికారిక యంత్రం పక్కన కట్టిన సంచుల ఫలితం, యంత్రం ఇచ్చిన సీసపు సగటు ఒకదానితో ఒకటి పొంతన కుదిరేలా ఉన్నాయి. ఒక్క చోటి పోలికతో నాచు అంకెను గాలి అంకెగా మార్చే సూత్రం రాయలేము, రాయడం లేదు కూడా. కాలుష్య నియంత్రణ అధికారులకు ఇచ్చిన నివేదికలో మేము కోరినది ఒక్కటే: బడి ఆవరణలోనూ షెడ్ల గాలివాలున మొదటి వరుస ఇళ్ళ దగ్గరా తాత్కాలికంగా గాలి నమూనా యంత్రాలు పెట్టి సీసం, ఆంటిమొనీ, కాడ్మియం కొలవమని. సంచుల విలువలు, చోట్లు, గాలి దిశ వివరాలు, వాడిన పద్ధతి అన్నీ జతచేశాము. యంత్రపు అంకెలు వచ్చేవరకు ఏ షెడ్డు పేరునూ బయట పెట్టకూడదని నిర్ణయించాము. పేరు ముందు పాకితే పని పోయేది కూలీలకు, పొగ మాత్రం మరో వీధికి మారుతుంది.

షెడ్డు యజమానుల్లో ఒకరు కరిగించే కొలిమిపై పొగను లాగే గొట్టం, వడపోత ఏర్పాటు గురించి తానుగా అడిగారు. ఆ ఏర్పాటుకు ముందు, తర్వాత పోల్చడానికి అదే వరుసలో సంచులు కట్టేందుకు ఒప్పుకున్నాము. వడపోత పనిచేస్తే సీసం-ఆంటిమొనీ జత తగ్గాలి, కూడలి గుంపు అలాగే ఉండాలి. రెండూ తగ్గితే అది వడపోత వల్లేనని చెప్పలేము, గాలి దిశలోనో వానలోనో వచ్చిన మార్పు వల్ల కావచ్చు.

చెత్త స్థలం చిక్కుముడికి సీసం ఐసోటోపులను, అంటే బరువులో మాత్రమే తేడా ఉన్న సీసపు పరమాణు రకాలను, వాడబోతున్నాము. సీసం 206కూ 207కూ ఉన్న నిష్పత్తి అది వచ్చిన ఖనిజం భూమిలో ఎప్పుడు ఏర్పడిందన్నదాన్ని బట్టి మారుతుంది. ఆస్ట్రేలియాలోని బ్రోకెన్ హిల్ ఖనిజంలో అది సుమారు 1.04, మామూలు మట్టిలో తరచుగా 1.2కు దగ్గర. బ్యాటరీ సీసం ఎన్నో గనుల సీసాన్ని కలిపి పదేపదే కరిగించినది కాబట్టి దానికంటూ ఒకే నిష్పత్తి ఉండదు. అందుకే షెడ్డులోని సీసపు కడ్డీ నుంచి, చెత్త స్థలపు బూడిద నుంచి, ప్రాంతపు మట్టి నుంచి నేరుగా నమూనాలు తీసి, సంచిలోని సీసం ఏ రెంటి మధ్య పడుతుందో చూస్తాము. కడ్డీ నమూనాకు షెడ్డువారు అంగీకరించారు, బూడిద నమూనాలు ఇప్పటికే ఎండుతున్నాయి.

రెండో విడత సంచులకు నాచు కడగడం పూర్తయింది. ఈసారి కూడలి దగ్గరి చోట్లు తగ్గించి, షెడ్లకూ చెత్త స్థలానికీ మధ్యనున్న దారి వెంట చోట్లు పెంచాము. పక్షులు చీల్చిన రెండు చోట్ల వలమీద కాస్త పెద్ద కన్నుల రెండో వల తొడిగి, మిగతా చోట్లతో పోలిక చెడకుండా అదే ఏర్పాటును అన్ని సంచులకూ చేశాము.